ముందు కాటాని అనుమానించు

సోమవారం. 34వ రోజు

మూడు కిలోల ఆరువందల నలభై గ్రాములు!

మళ్ళీ రాసుకుంటాను. 3.640. పుట్టినప్పుడు 2.900. మధ్యలో ఉన్న ఏడువందల నలభై గ్రాములూ నా పాలే! ఒక్క చుక్క డబ్బాపాలు పట్టలేదు. క్లినిక్‌లో నర్సక్క చదవకముందే నాకు అంకె కనిపించింది. తలకిందులుగా ఉన్నా నాకు కనిపిస్తుంది. పన్నెండేళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నాను, ఆ మాత్రం రాకపోతే ఎలా.

ఇంటికి రాగానే మా కాటా మీద పెట్టాను. 3.640. గ్రాము తేడా లేదు! ఎవరో పాడైపోయిందని పారేసిన పసిపిల్లల కాటా అది. కాన్పుకి వెళ్ళేముందు నేను బాగుచేసిన ఆఖరిది. నాకు పని నేర్పిన గురువుగారు షాపులో నుంచి తీసి "బిడ్డకి నా తరఫున" అని చేతిలో పెట్టారు. పొద్దున్నే బట్టల్లేకుండా, పాలు తాగకముందు తూచడం నా నియమం. మా ఆయనకి నవ్వు. నవ్వనీ, ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

పిడుగు అని పేరు పెట్టింది మాత్రం ఆయనే. పుట్టగానే అది పెట్టిన కేకకి బయట వరండాలో కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడట. బస్సు డ్రైవరు, పొద్దస్తమానం హారన్ల మధ్య బతికే మనిషి, ఆయనకే గుండె ఝల్లుమంది!

రెండ్రోజులుగా నాకు దగ్గు. క్లినిక్‌లో అందరి మధ్యా దగ్గడం ఎందుకని ఎర్రనీళ్ళు రెండు చెంచాలు తాగి బయల్దేరాను. పోయిన చలికాలం మా ఆయన దగ్గుకి డాక్టరు రాసిచ్చిన సీసా, సగం మిగిలింది. ఎర్రగా ఉంటుందని ఇంట్లో అందరం ఎర్రనీళ్ళంటాం. స్విచ్చి నొక్కినట్టు ఆగింది దగ్గు.

నర్సక్క ఫారం ముందు పెట్టుకుని అడిగింది. "మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

"ఐరన్, కాల్షియం మాత్రలు. ఇంకేం లేవక్కా."

"పాపకి?"

"డి విటమిన్ చుక్కలు. రోజుకొకటి."

"ఒకటేగా? డ్రాపరు నిండా పట్టేవాళ్ళున్నారు."

అడగడానికి నేనే దొరికానా!

మంగళవారం. 35వ రోజు

నర్సక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. అందుకని నగల షాపు వాళ్ళు మరమ్మతుకిచ్చిన చిన్న కాటాని షాపు నుంచి తెప్పించి, పిడుగు డి విటమిన్ చుక్కని తూచాను. ఒకటి కాదు, పది చుక్కలు. పదీ తూచి సగటు తీశాను. ఒక్కో చుక్కా ఒకేలా పడుతోంది! సీసా నిటారుగా పట్టుకుంటేనే. వంచితే చుక్క లావవుతుంది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. ఇంటిల్లిపాదీ అంటే అత్తయ్య ఒక్కరే.

"చుక్కని కూడా తూస్తావుటే తల్లీ," అన్నారు ఆవిడ.

"బిడ్డ నోట్లో వేసేది కదత్తయ్యా. లెక్క ఉండాలి."

అత్తయ్య ముప్పై ఏళ్ళు బేకరీలో పిండి ముద్దలు చేశారు. చేత్తో తీస్తే ముద్ద సరిగ్గా వచ్చేదట, కాటా అక్కర్లేదట. నా వృత్తి వాళ్ళకి ఇలాంటి మాటలు చెవిలో పోట్లు. పైకి అనలేదు.

3.630. పొద్దున్నే బట్ట తడిపింది కదా, ఆ పది గ్రాములు దాని తాలూకే.

ఎర్రనీళ్ళు మూడుసార్లు. చెంచా కడగడం ఎవరివల్ల అవుతుంది, మూతతో తాగేశాను.

బుధవారం. 36వ రోజు

పగలు నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర! లేపితే గానీ లేవలేదు! ఇల్లు ఊడ్చాను, తలకి పోసుకున్నాను, అన్నం వేడిగా తిన్నాను. వేడిగా! ముప్పై ఆరు రోజుల్లో మొదటిసారి!

3.600.

గురువారం. 37వ రోజు

పిడుగు ఇంత బుద్ధిమంతురాలవుతుందని ఎవరనుకున్నారు! ఏడుపే లేదు. నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి అలాగే కళ్ళు మూసేస్తోంది. అంత హాయిగా ఉంది దానికి నా దగ్గర. నాకు పాలు పొంగిపోతున్నాయి. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, జాకెట్టు తడిసిపోతోంది. ఇద్దరు పిల్లలకి సరిపోతాయి!

దగ్గు మాత్రం వదల్లేదు. ఎర్రనీళ్ళుంటే సరి, సీసా మంచం పక్కనే పెట్టుకున్నాను. నాకూ బాగా నిద్ర పడుతోంది. తల్లీ కూతుళ్ళం ఒకే రకం.

కాటాకి మాత్రం పిచ్చెక్కింది. 3.550 అంటోంది.

ఇంత నిద్రపోయే బిడ్డ, ఇన్ని పాలున్న తల్లి, తగ్గడమేంటి? గురువుగారు నాకు మొదటిరోజే నేర్పిన మాట ఒకటుంది. తూకంలో తేడా వస్తే ముందు కాటాని అనుమానించు. పన్నెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. పాత ఇనుము కొట్టు కాటా అయినా, పోస్టాఫీసు కాటా అయినా, తిట్టుకుంటూ వచ్చిన వాళ్ళందరికీ తేడా కాటాలోనే దొరికింది.

అత్తయ్య పిడుగుని ఎత్తుకుని, కిటికీ దగ్గర నిలబడి అన్నారు. "అమ్మాయ్, బిడ్డ తేలికైంది."

"రొట్టె ముద్ద కాదత్తయ్యా అది, మనిషి."

"అందుకే చెబుతున్నా. గుడ్డలు కూడా తక్కువ తడుపుతోంది. నిన్న నేను ఉతికినవి నాలుగే."

"మీకు పని తగ్గింది కదా, సంతోషించండి."

నవ్వలేదు ఆవిడ. సాయంత్రం బజారుకెళ్ళి డబ్బాపాల పొడి కొనుక్కొచ్చి, అలమరలో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. నా పాలు పొంగిపోతుంటే ఇంట్లోకి డబ్బా! దానిని ఉప్పు డబ్బా వెనక్కి తోసేశాను.

శుక్రవారం. 38వ రోజు

దొంగ దొరికింది!! కాటా లోపలే!!

పొద్దున 3.500 చూపించింది. ఇక ఊరుకోలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని బల్ల మీద మొత్తం విప్పేశాను. పళ్ళెం కింద, బరువుని పట్టే కడ్డీ పక్కన, ఎండిపోయిన పాలూ పౌడరూ కలిసిన ముద్ద! బఠాణీ గింజంత! అది అడ్డు తగిలితే పళ్ళెం పూర్తిగా కిందికి దిగదు. దిగకపోతే తక్కువ చూపిస్తుంది. అంతే! నేను చెప్పలేదూ!

తుడిచాను, బిగించాను, మట్టం చూపే నీటి బుడగ మధ్యకి వచ్చేదాకా కాటా కాళ్ళు తిప్పాను. ఇక క్యాలిబ్రేషన్ చెయ్యాలి. అంటే బరువు తెలిసిన రాయి ఒకటి పైన పెట్టి, ఇదిగో ఇది ఇంత అని కాటాకి చెప్పాలి. రాళ్ళేమో షాపులో. గురువుగారికి ఫోన్ చేస్తే సోమవారం బిడ్డని చూడ్డానికి వస్తూ తెస్తానన్నారు. సోమవారం దాకా ఎవరు ఆగుతారు!

అప్పుడు తట్టింది. బరువు ఖచ్చితంగా తెలిసిన వస్తువు ఇంట్లో ఒకటుంది! క్లినిక్ కాటా మీద తూచింది, అదే రోజు మా కాటా కూడా ఒప్పుకుంది, కాగితం మీద నర్సక్క సంతకం ఉంది. మూడు కిలోల ఆరువందల నలభై!

పిడుగునే పళ్ళెంలో పడుకోబెట్టాను. కదల్లేదు. బంగారుతల్లి, నిజం రాయి కూడా అంత కదలకుండా ఉండదు. కాటాకి చెప్పాను. ఇది 3.640. ఒప్పుకుంది.

మా షాపులో బాగుచేసిన ప్రతి కాటాకీ ఒక చీటీ అంటిస్తాం. ఏ తేదీన చేశాం, ఏ రాయితో చేశాం, చేసిందెవరు. దీనికీ అంటించాను. రాయి అన్న చోట "పిడుగు" అని రాశాను. మధ్యాహ్నం ట్రిప్పు మధ్యలో మా ఆయనకి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వాడు.

శనివారం. 39వ రోజు

3.630! చూశారా అత్తయ్యా! బిడ్డ ఎక్కడిదక్కడే ఉంది!

ఆవిడ కాటా వైపు చూడలేదు. పిడుగుని చూశారు.

ఆదివారం. 40వ రోజు

3.620. నిద్ర. గుడ్డలు మూడు. ఎర్రనీళ్ళు అడుగుకొచ్చాయి. సీసా ఎత్తి తాగేశాను.

మా ఆయన సెలవులో ఉన్నాడు. పిడుగు చెవి దగ్గర చిటికెలేసి, నోటితో బస్సు హారన్ మోగించాడు. అది కళ్ళు తెరవలేదు. "ఎంత మొద్దునిద్రే దీనికి, నీ పోలికే," అన్నాడు. నవ్వాడు గానీ ఇంకోసారి హారన్ కొట్టాడు.

సోమవారం. 41వ రోజు

3.600. గురువుగారు వస్తారు ఇవాళ! నా కాటా చూపించాలి.

మంగళవారం. 42వ రోజు

ఆసుపత్రి. పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం. బయట బాగా ఎండ. డైరీ తెమ్మని నేనే మా ఆయనకి చెప్పాను.

వరసగా రాస్తాను.

నిన్న పదిన్నరకి గురువుగారు వచ్చారు. చేతిలో గిలక్కాయల్లేవు, బొమ్మల్లేవు. ఎర్ర మఖమల్ పెట్టె. అందులో మెరిసిపోతూ రెండు కిలోల రాయి! "మెకానిక్ బిడ్డకి ఇంతకంటే మంచి బొమ్మ ఏముందమ్మా," అన్నారు. ఎంత నవ్వుకున్నాం! నేను గర్వంగా కాటా ముందుకు జరిపాను. ఆయన తెల్ల గ్లవుజు తొడుక్కుని, అలవాటు కొద్దీ, రాయిని పళ్ళెంలో పెట్టారు.

2.080.

రాయి అబద్ధం చెప్పదు. ఇద్దరికీ తెలుసు.

"ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశావు?"

"శుక్రవారమండీ."

"ఏ రాయితో?"

నేను చీటీ వైపు చూశాను. ఆయన వంగి చీటీ చదివారు. పిడుగు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

లెక్క నాకు చెప్పనక్కర్లేదు. రెండు కిలోలకి ఎనభై ఎక్కువ. అంటే కిలోకి నలభై. అంటే పొద్దున నేను రాసుకున్న 3.600 నిజంగా 3.460. అంటే శుక్రవారం అది చూపించిన 3.500 అక్షరాలా నిజం. కాటా మొదటినుంచీ నిజమే చెబుతోంది. ఆ బఠాణీ గింజ దేనికీ అడ్డు తగల్లేదు. నేనే కాటా నోరు మూయించి, దానితో అబద్ధం చెప్పించాను.

"కాటానే అనుమానించమన్నారు కదండీ మీరు," అన్నాను. ఏడుస్తూనే పోట్లాటకి దిగాను.

"ముందు కాటాని అన్నాను. తర్వాత నిన్ను నువ్వు, ఆ తర్వాతే సరుకుని. మొదటి ముక్క వినగానే స్క్రూడ్రైవరు అందుకునేదానివి. మిగతాది ఎప్పుడు విన్నావు గనక?"

అప్పటికే అత్తయ్య పిడుగుని గుడ్డలో చుట్టేసి చెప్పులేసుకుంటున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిడుగు పాదం మీద వేలితో కొట్టింది. గట్టిగా కొట్టింది. అది మూలిగింది, అంతే. ఊపిరి నెమ్మదిగా ఉందంది. వెంటనే వేలికి ఏదో తగిలించారు, తెరమీద అంకెలు వచ్చాయి. ఆ అంకెల్ని మాత్రం నేను అనుమానించలేదు.

"మీరు మందులేమైనా వాడుతున్నారా?"

"ఐరన్, కాల్షియం. ఇంకేం లేవండీ."

"ఎర్రనీళ్ళు తాగుతోందిగా," అన్నారు అత్తయ్య.

"అంటే?"

"దగ్గుకి. సీసా ఉంది మంచం పక్కన."

అది మందు కాదత్తయ్యా అనబోయాను. నోటి దాకా వచ్చింది! దగ్గు మందుని మందు కాదనబోయాను! ఇంట్లో ముద్దుపేరు పెట్టుకున్నంత మాత్రాన అది నీళ్ళయిపోతుందా. నర్సక్క అడిగినప్పుడూ అంతే, అబద్ధం చెబుతున్నానని నాకే తెలియదు.

మా ఆయన బస్సు డిపోలో అప్పజెప్పి, ఇంటికి పరిగెత్తి సీసా తెచ్చాడు. సగం చిరిగిన లేబులు మీద డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. కొడీన్. దగ్గుని నిద్రపుచ్చే సరుకు. పాలలోకి దిగుతుందట. కొందరి ఒంట్లో అది మరీ బలంగా మారుతుందట, ఆ కొందరిలో ఎవరున్నారో ముందుగా తెలియదట. అందుకే పాలిచ్చే తల్లికి ఇది ఇవ్వరట. పిడుగు బుద్ధిమంతురాలవలేదు. మత్తులో ఉంది. మత్తులో ఉండి తాగడం మానేసింది. తాగకపోబట్టే నా పాలు పొంగాయి.

"రోజుకి ఎంత తాగారు?"

"మొదట చెంచాతో..."

"తర్వాత?"

"మూతతో. తర్వాత సీసాతో."

"అంటే ఎంత?"

"తెలియదండీ. కొలవలేదు."

పది చుక్కలు తూచి సగటు తీసిన మనిషిని. కొలవలేదని చెప్పాను. ఇంతకన్నా సిగ్గుపడ్డ రోజు నా బతుకులో లేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. "గొంతులో ఏది దిగినా, దాని పేరేదైనా, అడిగి తాగండి. మంచివేళకి తెచ్చారు," అంది. తాము చెప్పేదాకా నా పాలు పిండి పారబొయ్యాలంది. పాపకి డబ్బాపాలు కొంచెం కొంచెంగా.

అత్తయ్య సంచీలోంచి డబ్బా తీశారు. ఉప్పు డబ్బా వెనక నుంచి ఎప్పుడు తీశారో! నర్సు చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా నీళ్ళు మరిగించి, చల్లార్చి, పొడి చెంచాతో తీసి పైన చదును చేసి కలిపారు. కొలత సరిపోయిందా అని నా వైపు చూశారు. నా వైపే! నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. "సరిపోయిందత్తయ్యా," అన్నాను.

నా పాలు సింకులో పోస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. అయినా పోశాను. ప్రతిసారీ కొలిచి, కాగితం మీద రాసి మరీ పోశాను.

బుధవారం. 43వ రోజు

పదకొండు గంటలకి కళ్ళు తెరిచింది! మా ఆయన వైపు చూసింది! ఆయన వార్డులో అందరి ముందూ నోటితో హారన్ కొట్టాడు. నర్సు కోప్పడింది. పిడుగు ఉలిక్కిపడింది! ఉలిక్కిపడింది!!

నలభై మిల్లీలీటర్లు తాగింది. ఆపకుండా.

గురువారం. 44వ రోజు

అరవై. మళ్ళీ అరవై. గుడ్డలు ఏడు! అత్తయ్య వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు, ఒక్కో తడిగుడ్డా పట్టుకొచ్చి నాకు చూపిస్తున్నారు!

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి ఇక నా పాలు ఇవ్వచ్చంది. నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. ఒళ్ళో పెట్టుకున్నాను గానీ అందించలేకపోయాను. "ఇంకా ఉందేమోనండీ ఒంట్లో," అన్నాను. ఆవిడ కాగితాలు మళ్ళీ చూసి, మళ్ళీ చెప్పింది, ఇవ్వచ్చని. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేశారు. అప్పటికి పిడుగు ఎవరి అనుమతీ అక్కర్లేదన్నట్టు తానే వెతుక్కుంది. ఎంత గట్టిగా పట్టుకుందో! నొప్పి! ఎంత బాగుందో ఆ నొప్పి!

దగ్గు ఇంకా ఉంది. డాక్టరమ్మ వేడినీళ్ళ ఆవిరి పట్టమంది. దగ్గుతూనే ఉన్నాను. దగ్గనీ.

శనివారం. 46వ రోజు

ఇంటికొచ్చాం!

గురువుగారు పొద్దున్నే మఖమల్ పెట్టెతో వచ్చారు. ఈసారి రాళ్ళు మూడు. కాటా నా చేత చేయించలేదు, తానే చేశారు. నేను పక్కన నిలబడి బుద్ధిగా చూశాను. రెండు కిలోల రాయికి 2.000. పాత చీటీ చింపబోతుంటే ఆపి తీసుకున్నాను. ఇదిగో, ఈ పేజీకే అంటిస్తున్నాను. రాయి: పిడుగు. నేను బతికున్నంతకాలం ఇక్కడే ఉండాలి ఇది.

నర్సక్కకి కూడా ఫోన్ చేసి చెప్పాను. ఫారంలో ఆ గడి దిద్దమన్నాను. వెంటనే దిద్దింది పాపం. తర్వాత "ఇకనుంచి మందులున్నాయా అని ఊరుకోను, ఏమేం తాగారు, ఏ సీసాలోంచి తాగారని అడుగుతాను," అంది. డి విటమిన్ చుక్క మాత్రం మానొద్దంది. మానలేదు. సీసా నిటారుగా పట్టుకునే వేస్తున్నాను.

పళ్ళెంలో పెట్టబోతుంటే అత్తయ్య పిడుగుని చేతుల్లోకి తీసుకున్నారు. కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊపి, "మూడున్నర దాటింది," అన్నారు.

3.560!

గురువుగారు ఆవిడ చేతుల వైపు చూసి, "వీటికి చీటీ అంటించాలమ్మా," అన్నారు. అత్తయ్య నవ్వారు. పదిరోజుల తర్వాత నవ్వారు.

పళ్ళెం చల్లగా తగిలి మొదలుపెట్టింది పిడుగు. కాళ్ళు తన్నుకుంటూ, మొహమంతా ఎర్రగా చేసుకుని, ఇంటి కప్పు లేచిపోయేలా. కాటా మీద అంకె నిలవడం లేదు! మూడూ ఐదువందలు, మూడూ ఆరువందలు, మూడూ ఐదువందలు! గురువుగారు చెవులు మూసుకున్నారు. మా ఆయన గదిలోంచి "పడిందిరా పిడుగు!" అని అరిచాడు.

పై వాటాలో ఉండే ఆవిడ మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టింది. ఎప్పుడూ పలకరించని మనిషి. "పాప ఎందుకమ్మా అంత ఏడుస్తోంది? ఏమైంది?"

నేను ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాను. బిత్తరపోయింది.

"ఆకలేస్తోందండీ," అన్నాను. "మా పాపకి ఆకలేస్తోంది!"